కమాను పట్టీకి మట్టి పూస్తే గీత ఎందుకు రాదు

తమ్ముడూ, తరవాత చదివేవాళ్లకి కూడా అర్థం కావాలి కాబట్టి ముందు నీ సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఆటోనగర్ స్క్రాప్‌లో కొన్న లారీ కమాను పట్టీతో చేపలు కోసే కత్తి చేశావు. వెన్నుకి మట్టి పూసి, ఎర్రగా కాల్చి, వాడేసిన ఇంజిన్ ఆయిల్‌లో ముంచావు. వీడియోల్లో జపాన్ కత్తుల మీద కనిపించే అలలాంటి గీత రాలేదు, పైగా కత్తి ముక్కు కాస్త కిందికి వంగింది. నూనె పనికిరాదేమో అనుకుని, ఇంకో కత్తి పాత ఆకురాయితో చేసి, అలాగే మట్టి పూసి నీళ్లలో ముంచావు. అది టంగుమని పగిలింది. తప్పు మట్టిదా, నూనెదా అని అడుగుతున్నావు.

మట్టిని ఇప్పుడే తిట్టకు. మొదటి కత్తికి నువ్వు ఎంచుకున్న ఇనుము మట్టి పనికి సరిపోయేది కాదు. రెండోదానికి ఇనుము సరిపోయిందిగానీ, దాన్ని ముంచడానికి ముందే పగుళ్లకి దారి వేసి పెట్టావు.

మాస్టారూ అని పిలిచావు గానీ నేను పాఠాలు చెప్పిన మనిషిని కాదు. ఇరవై ఆరేళ్లు గేర్లు, షాఫ్టులు కాల్చి నూనెలో ముంచే షాపులో పనిచేశాను. ఇప్పుడు విశాఖ కంచరపాలెంలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో కూరగాయల కత్తులు చేసుకుంటున్నాను. నీలాగే నేనూ మొదట కమాను పట్టీకే మట్టి పూశాను. ఒకటి కాదు, ఏడు కత్తులకి పూశాను. ఏడింటికీ గీత రాలేదు. అప్పుడుగానీ షాపులో రోజూ చేసే పనికీ దీనికీ ఉన్న సంబంధం బుర్రకెక్కలేదు.

సంగతి ఇది. ఉక్కుని 730 డిగ్రీలు దాటించి కాలిస్తే అందులోని కార్బన్ ఇనుములో కరిగిపోతుంది. నెమ్మదిగా చల్లారనిస్తే ఆ కార్బన్ బయటికొచ్చి మెత్తటి నిర్మాణం కడుతుంది. బయటికొచ్చే వ్యవధి ఇవ్వకుండా చల్లార్చేస్తే లోపలే ఇరుక్కుపోతుంది, ఉక్కు గాజంత గట్టిపడుతుంది. ఈ గట్టి నిర్మాణాన్నే మార్టెన్‌సైట్ అంటారు. అనకాపల్లి బెల్లం పాకం చూసినవాళ్లకి ఇది కొత్తేం కాదు. ముదురు పాకం చుక్కని చన్నీళ్లలో వేస్తే టక్కుమని విరుగుతుంది. అదే పాకాన్ని తిప్పుతూ నెమ్మదిగా ఆరనిస్తే రవ్వరవ్వగా గడ్డ కడుతుంది.

ఇక్కడ ప్రశ్నల్లా ఎంత వేగంగా చల్లార్చాలి అన్నదే. ఆ గడువుని నిర్ణయించేది ఉక్కులో కలిసిన మాంగనీసు, క్రోమియం లాంటివి. 1095 అనే ఉక్కులో కార్బన్ దాదాపు 1 శాతం, మాంగనీసు 0.3 నుంచి 0.5 శాతమే. దాన్ని 540 డిగ్రీల దరిదాపు దాటించడానికి సెకను కూడా వ్యవధి ఉండదు. ఆలస్యమైందా, మెత్తబడిపోతుంది. కమాను పట్టీల సంగతి వేరు. మన దగ్గర ఎక్కువగా కనిపించే ఎస్‌యూపీ 9 రకంలో కార్బన్ 0.55 దగ్గర, మాంగనీసు, క్రోమియం రెండూ ముప్పాతిక శాతం చొప్పున ఉంటాయి. ఈఎన్ 45 రకమైతే సిలికాన్ 2 శాతం దాకా ఉంటుంది. వీటికి గడువు కొన్ని సెకన్లు. ఎందుకంత అంటావా? వేలెడు మందం పట్టీ అయినా నూనెలో ముంచితే నడిమి దాకా గట్టిపడాలని కోరి చేసిన ఉక్కు అది. లారీ బరువు మోసేది మరి.

అలాంటి ఉక్కుకి నువ్వు మట్టి పూశావు. మట్టి కింద వెన్ను కాస్త ఆలస్యంగా చల్లారింది, కానీ ఆ ఆలస్యం దాని గడువులోపే. అంచూ గట్టిపడింది, వెన్నూ గట్టిపడింది. గీత అంటే గట్టి ఉక్కూ మెత్తటి ఉక్కూ కలిసే సరిహద్దు. రెండు వైపులా ఒకటే ఉక్కు అయినప్పుడు సరిహద్దు ఎక్కణ్ణుంచి వస్తుంది? బేరింగ్ ఉక్కు ఈఎన్ 31కీ ఇదే లెక్క. కార్బన్ 1 శాతం ఉంది కదా అని ఆశపడతారు, కానీ అందులో క్రోమియం 1 నుంచి 1.6 శాతం ఉంటుంది. కత్తిగా బ్రహ్మాండం, గీతకి మాత్రం పనికిరాదు.

అడగలేదు గానీ, విశాఖలో ఇనుప పని మొదలుపెట్టిన ప్రతి కుర్రాడూ స్టీల్ ప్లాంటు ఊరు కదా, ఇంటి పిల్లర్లలో మిగిలిన చువ్వతో కత్తి చేస్తే ఎలా ఉంటుందని ఒకసారైనా అడుగుతాడు. చెయ్యకు. టీఎంటీ చువ్వలో కార్బన్ 0.3 శాతానికి మించదు, పదును నిలవదు. తమాషా ఏంటంటే నువ్వు మట్టితో చెయ్యాలనుకున్న పనే ఆ చువ్వకి రోలింగ్ మిల్లులో నీళ్లతో జరుగుతుంది. ఎర్రటి చువ్వ మీద నీళ్లు కొడితే పైపొర గట్టిపడుతుంది, లోపలి వేడి బయటికొచ్చి ఆ పొర పెళుసుదనాన్ని తగ్గిస్తుంది, నడుమ మెత్తగా మిగిలిపోతుంది. చువ్వ కోసిన చోట యాసిడ్ రాస్తే ఉంగరంలా ఆ పొర కనబడుతుంది. దొరికితే చూడు. గట్టి, మెత్తన సరిహద్దు అంటే ఏంటో ఆ ఉంగరం చెప్పినంత బాగా ఏ వీడియో చెప్పదు.

మట్టి పని నిజంగా చెయ్యాలనుంటే 1095 గానీ 1075 గానీ ఆన్‌లైన్‌లో కొనుక్కో. అమ్మేవాణ్ణి సర్టిఫికెట్ అడిగి మాంగనీసు అంకె చూడు, 0.5 లోపు ఉంటే మంచిది. పాత ఆకురాయి కూడా మంచి సరుకే, కాకపోతే చవక రకాలకి పైపొరలో మాత్రమే కార్బన్ ఎక్కించి వదిలేస్తారు. ఒక చివర గుడ్డ చుట్టి, వైస్‌లో పట్టి, కళ్లద్దాలు పెట్టుకుని విరిచి చూడు. విరిగిన ముఖం అంతా ఒకటే బూడిద రంగులో ఉంటే వాడొచ్చు. చుట్టూ ఒక రంగు, నడుమ ఒక రంగు ఉంటే పక్కన పడెయ్యి.

ఇప్పుడు నీ ఆకురాయి ఎందుకు పగిలిందో చూద్దాం. నువ్వు పెట్టిన ఫోటో పెద్దది చేసి చూశాను. కత్తి చెంపల మీద ఆకురాయి పళ్ల గాట్లు ఇంకా కనిపిస్తున్నాయి. అందం కోసం ఉంచానని రాశావు. ఒక్కో గాటూ ఒక్కో చీలికకి మొదలు. నీళ్లలో పడ్డ క్షణంలో అంచు ముందు ముడుచుకుంటుంది, వెంటనే మార్టెన్‌సైట్‌గా మారుతూ ఉబ్బుతుంది. ఆ లాగుడు ఎక్కడ సందు దొరికితే అక్కడ చీలుస్తుంది. రెండోది, అంచుని ముందే పల్చగా అరగదీసేశావు. నీళ్లకైతే ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు, నూనెకైతే కనీసం ఒక మిల్లీమీటరు మందం వదిలి, చల్లార్చాక మిగతాది అరగదియ్యాలి. మూడోది, రంగు. మధ్యాహ్నం ఆరుబయట కాల్చానన్నావు. ఎండలో నారింజ రంగు కూడా ముదురు ఎరుపులా కనబడుతుంది. నువ్వు 900 దాటించేసి ఉంటావు.

ఈ రంగు దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే చాలామంది చేతిలో కత్తి చెడేది ఇక్కడే, నూనె దాకా వెళ్లనే వెళ్లదు. హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబరు 12న ఊరిని ఊపేశాక చాలా రోజులు మాకు కరెంటు లేదు. వీధి దీపం లేదు, పక్కింటి బల్బు లేదు. పడిపోయిన సరుగుడు చెట్ల బొగ్గుతో రాత్రిళ్లు కొలిమి పెట్టాను. ఆ చీకట్లో మొదటిసారి ఒక నీడ చూశాను. కత్తి ఎర్రబడుతూ ఉండగా లోపల నల్లటి మబ్బులాంటిది కదిలి, అంచు నుంచి వెన్ను వైపు పోయి మాయమవుతుంది. ఉక్కు లోపలి నిర్మాణం మారడానికి వేడిని మింగుతున్నప్పుడు కనబడే నీడ అది. పోయిందంటే మార్పు అయిపోయినట్టు. ఇరవై ఏళ్లకి పైగా ఫర్నేసు మీటరు చూసి పనిచేసిన నాకు ఆ నీడ అప్పటిదాకా తెలీదు, మీటరు ఉంటే అవసరం పడదు కదా.

నీడ కనబడేదాకా అయస్కాంతం వాడు. 770 డిగ్రీల దగ్గర ఇనుము అయస్కాంతానికి అతుక్కోవడం మానేస్తుంది. అక్కణ్ణుంచి ఇంకొక్క ఛాయ ఎరుపు పెరిగితే 1095కి చాలు, అంటే 790, 800 మధ్య. ఇంకో కిటుకు వంటింట్లోనే ఉంది. ఉప్పు 801 డిగ్రీల దగ్గర కరుగుతుంది. పనికిరాని ముక్క మీద చిటికెడు ఉప్పు వేసి కాలుస్తూ ఉప్పు నీరయ్యే క్షణంలో ఆ రంగుని కంటికి పట్టించుకో. కమాను పట్టీకి ఇంతకన్నా కొంచెం ఎక్కువ కావాలి, 830 ప్రాంతంలో. ఏదైనా సరే, చీకటి పడ్డాకే కాల్చు, సముద్రం గాలి నేరుగా కొట్టని మూల చూసుకుని.

ముంచడానికి ముందు మూడుసార్లు ఎర్రగా కాల్చి, ప్రతిసారీ మునుపటికన్నా కొంచెం తక్కువ రంగు తెచ్చి, గాలికి ఊరికే చల్లారనివ్వు. సుత్తి దెబ్బల ఒత్తిడి పోతుంది, ఉక్కు లోపలి రేణువు సన్నబడుతుంది. సన్నబడిందో లేదో తెలియాలంటే అదే ఉక్కు చిన్న ముక్కని కాల్చి, ముంచి, విరిచి చూడు. విరిగిన ముఖం ఉప్మా రవ్వలా మెరుస్తుంటే ఎక్కువ కాల్చావు. మైదాపిండిలా సన్నగా, మెరుపు లేని బూడిద రంగులో ఉండాలి. ఒక ముక్క పోతే పోయింది, కత్తి మిగులుతుంది.

ఇక మట్టి. నేను పుట్టమన్ను జల్లించి రెండు పాళ్లు, కర్ర బొగ్గు పొడి ఒక పాలు, సానరాయి కింద పేరుకున్న బురద ఒక పాలు కలుపుతాను. పుట్టమన్ను దొరక్కపోతే ఫర్నేసులకి వాడే ఫైర్ క్లే కొనుక్కో. ఉత్త బంకమట్టి ఆరేటప్పుడు బీటలు వారి రాలిపోతుంది, బొగ్గు పొడి, బురద కలిపేది అందుకే. పూసే ముందు కత్తిని 120 నంబరు కాగితంతో గరుకు చేసి, సబ్బుతో కడిగి, వేలు తగలకుండా పట్టుకో. జిడ్డు మీద మట్టి నిలవదు. వెన్ను మీద మూడు మిల్లీమీటర్లు చాలు. దిట్టంగా పూస్తే మంచిదనుకుంటారు గానీ, మందం మట్టి తనే వేడిని దాచుకుని, ముంచాక నెమ్మదిగా అంచుకి వదిలి దాన్ని మెత్తబరుస్తుంది. గీత కూడా మట్టి అంచు ఉన్న చోట అచ్చు గుద్దినట్టు రాదు, కొంచెం అటూ ఇటూ జరుగుతుంది.

అంచుకి మట్టి తగలకూడదని నువ్వు తుడిచేశావట. నిజానికి గంజిలా పల్చటి మట్టి నీళ్లు అంచుకి ఒక పూత వేస్తే అక్కడ ఇంకా వేగంగా చల్లారుతుంది. వినడానికి విడ్డూరంగా ఉంటుంది. ఎర్రటి ఇనుము ద్రవంలో పడగానే చుట్టూ ఆవిరి పొర కమ్ముకుని దుప్పటిలా వేడిని ఆపేస్తుంది. పల్చటి మట్టి గరుకు ఆ ఆవిరి పొరని తొందరగా చెదరగొడుతుంది. మట్టి మందంగా ఉంటే దుప్పటి, పల్చగా ఉంటే దానికి చిల్లు.

ఆరబెట్టడం విశాఖలో పెద్ద తలనొప్పి. వానాకాలం గాలి తడికి పైన ఎండినట్టు కనబడి లోపల చెమ్మ ఉంటుంది. కొలిమిలో పెట్టగానే ఆ చెమ్మ ఆవిరై పెళ్లలు పెళ్లలుగా లేచిపోతుంది. ఒక రోజు నీడలో, తరవాత కొలిమి పక్కన సెగకి ఉంచి, చెయ్యి కాలేంత వేడెక్కాకే లోపల పెట్టు. చువ్వలు కట్టే సన్న బైండింగ్ తీగ నాలుగైదు చోట్ల చుడితే రాలిపోయే భయం తగ్గుతుంది.

నూనె సంగతి. వాడేసిన ఇంజిన్ ఆయిల్‌ని ఆటోనగర్‌లో ఊరికే ఇస్తారు, అందుకే అందరూ దాన్ని వాడతారు. ఎర్రటి ఇనుము తగిలితే వచ్చే పొగలో ఏమేం లోహాలు, మందులు ఉంటాయో ఊపిరితిత్తులకి తెలుస్తుంది. పైగా అది మందగొడి నూనె. కమాను పట్టీకి సరిపోయినా 1095కి సరిపోదు. క్వెంచింగ్ కోసమే, అంటే ఇలా ముంచి చల్లార్చడానికే, తయారయ్యే వేగం నూనె దొరికితే అదే మేలు. లేకపోతే పూర్ణా మార్కెట్‌లో దొరికే వేరుశెనగ నూనె గానీ సన్‌ఫ్లవర్ నూనె గానీ వాడు. ఒక కూరగాయల కత్తికి నాలుగైదు లీటర్లు ఉండాలి. చల్లటి నూనె చిక్కగా ఉండి వేడిని తొందరగా లాక్కోలేదు. ముందు ఒక కాలిన ఇనుప ముక్క ముంచి 50, 60 డిగ్రీలకి వేడి చెయ్యి. వేలు పెట్టి ఎక్కువసేపు ఉంచలేనంత వేడి.

డబ్బా ఇనుపదై ఉండాలి, మూత ఉండాలి, పక్కన ఇసుక బక్కెట్టు ఉండాలి. కత్తిని సగం ముంచి ఆగితే పైన మంట లేస్తుంది, కాబట్టి పూర్తిగా ముంచు. ముంచి కోసినట్టు ముందుకీ వెనక్కీ ఆడించు. పక్కకి ఆడిస్తే వంకర పోతుంది. మంట లేస్తే మూత వెయ్యి, నీళ్లు మాత్రం పొయ్యకు. వానాకాలంలో నూనె డబ్బా మూత లేకుండా వదిలేస్తే అడుగున నీళ్లు చేరతాయి. తడి గరిటె వేడి నూనెలో పెడితే ఏమవుతుందో మీ అమ్మగారిని అడుగు. ఇక్కడ గరిటె బదులు 800 డిగ్రీల ఇనుము.

ముక్కు కిందికి వంగిందన్నావు కదా, దాని కారణం కూడా ఇక్కడే ఉంది. ముంచగానే పల్చటి అంచు ముందు చల్లారి ముడుచుకుంటుంది, కత్తి అంచు వైపు వంగుతుంది. నీళ్లలో అయితే అంచు మార్టెన్‌సైట్‌గా మారి ఉబ్బడంతో వెంటనే పైకి లేస్తుంది. జపాన్ కత్తుల వంపు చాలావరకు అలా వచ్చేదే. నూనెలో ఆ లేవడం పూర్తిగా జరగకపోవచ్చు, ముక్కు కిందే ఉండిపోతుంది. నూనెలో వంపు కావాలంటే ముందే సుత్తితో కొంచెం పైకి వంచి ముంచాలి. నూనెలోంచి తీసిన మొదటి కొద్ది క్షణాలు కత్తి ఇంకా లొంగుతుంది, మందపాటి తొడుగులు వేసుకుని సరిచెయ్యొచ్చు. చేతికి చల్లగా తగిలాక ప్రయత్నించకు, గాజులా విరుగుతుంది.

నీళ్లలో గీత ఇంకా బాగా వస్తుందన్నది నిజమే. కానీ 1095ని నీళ్లలో ముంచితే చెయ్యి తిరిగినవాళ్లకీ కొన్ని పోతాయి. తప్పదనుకుంటే గోరువెచ్చటి నీళ్లలో రెండు, మూడు లెక్కపెట్టి తీసి వెంటనే నూనెలో ముంచు. మొదటి పది కత్తులకి మాత్రం నూనే.

చల్లారాక ఆకురాయితో అంచు గీసి చూడు. జారిపోతే గట్టిపడినట్టు. మొదటి గీతకి కొంచెం పట్టి, తరవాత జారితే కంగారు పడకు, పైపొరలో కార్బన్ కాలిపోయి ఉంటుంది. అది చూశాక, పెళుసుదనం తగ్గడానికి గంటలోపే ఓవెన్‌లో పెట్టాలి. రేపు చూద్దాంలే అనుకుని ఒకసారి నేను బల్ల మీద వదిలేసి పడుకున్నాను. అర్ధరాత్రి షెడ్డులోంచి టిక్‌మని చప్పుడొచ్చింది, పిల్లి అనుకున్నాను. పొద్దున చూస్తే అంచులో వెంట్రుకంత చీలిక.

ఇంట్లో కేకులు చేసే ఓటీజీ చాలు. దాని మీటరు నమ్మకు, లోపల విడిగా థర్మామీటరు పెట్టు. ట్రేలో ఇసుక పోసి అందులో కత్తి పూడిస్తే వేడి ఎగుడుదిగుళ్లు తగ్గుతాయి. 200 డిగ్రీల దగ్గర రెండు గంటలు, బయటికి తీసి చల్లార్చి మళ్లీ రెండు గంటలు. చేప ముళ్ల మీద కొట్టే కత్తికి 220 పెట్టు. ముందు కత్తిని సబ్బుతో కడుగు, లేకపోతే ఓవెన్‌లో నూనె కంపు వారం పోదు. మా ఇంట్లో నాకిప్పుడు విడిగా ఒక ఓటీజీ కొనిచ్చేశారు, గౌరవం వల్ల కాదు.

గీత కనబడాలంటే కాగితాలతో 1000 నంబరు దాకా రుద్ది, వేడి నిమ్మరసం దూదితో చాలాసార్లు రాయాలి. త్వరగా కావాలంటే ఎలక్ట్రానిక్స్ షాపులో దొరికే ఫెర్రిక్ క్లోరైడ్‌ని బాగా పల్చన చేసి వాడు, చేతికి తొడుగులు, తరవాత వంటసోడా నీళ్లు. మన సముద్రం గాలికి ఒక్క రాత్రిలో తుప్పు పడుతుంది, కొబ్బరి నూనె రాయడం మర్చిపోకు.

మరి ఆ కమాను పట్టీ కత్తిని ఏం చెయ్యాలి? పారెయ్యకు. అనకాపల్లి పక్క మా అమ్మమ్మగారి ఊళ్లో చెరకు కత్తులు చేసే కమ్మరి తాత ఉండేవాడు. మట్టి అన్న మాటే ఎత్తేవాడు కాదు. ఎర్రగా కాల్చిన కత్తిని పట్టకారుతో పట్టుకుని, అంచు మాత్రమే రెండు వేళ్ల లోతు ముంచేవాడు. తీసి ఇటుక ముక్కతో ఒకచోట రుద్దేవాడు. వెన్నులో మిగిలిన వేడి అంచు వైపు దిగుతుంటే ఆ రుద్దిన చోట గడ్డి రంగు వచ్చేది, వెంటనే మొత్తం ముంచేసేవాడు. గట్టి అంచు, మెత్తటి వెన్ను రెండూ ఒక్క వేడిలో అయిపోయేవి. నీ పట్టీకి అదే చెయ్యి, కాకపోతే నీళ్ల బదులు వెచ్చటి నూనెలో. పూర్తిగా ముంచకపోతే మంట లేస్తుందని చెప్పాను కదా, ఈ పనికి అది తప్పదు, మూత చేతికి అందేలా పెట్టుకో. అంచుని ముంచి ఉయ్యాలలా ఆడిస్తూ, వెన్నులో ఎరుపు పోయాక మొత్తం ముంచు. తాతలా రంగు చూసి ఆపడం కుదరకపోతే ఓవెన్ ఉండనే ఉంది. అలా చేస్తే ఆ పట్టీ మీద కూడా ఒక సరిహద్దు పడుతుంది. అలల్లా ఉండదు, నూనె మట్టం ఎక్కడుందో అక్కడ మసక గీతలా ఉంటుంది.

దానికన్నా ముందు ఆ పట్టీ ముక్క ఒకటి కోసి, చీకట్లో కాల్చి, ముంచి, విరిచి ఫోటో పెట్టు. రవ్వ చూసి, ఎంత వేడి ఎక్కువైందో చెబుతాను.